కారు స్టీరింగు పక్కకు ఒరిగిందా?

గోడ మీద పటం కొంచెం ఒరిగి ఉంటే మన కన్ను ఊరుకోదు. పొయ్యి మీద పాలు ఉన్నా సరే, వెళ్లి దాన్ని సరిచేసి వస్తాం. మరి కారులో కూర్చుంటే కళ్లెదురుగా స్టీరింగు చక్రం ఒరిగి కనిపిస్తుంటే? "పాత బండి కదా, అట్లనే ఉంటది" అని వదిలేస్తాం. నేనూ కొన్ని నెలలు అట్లాగే వదిలేశాను. వదిలేయడం ఒక్కటే అయితే ఈ నాలుగు ముక్కలు రాయాల్సిన పని లేదు. అది ఎందుకు ఒరిగిందో నాకు తెలుసు. తెలిసీ దాచాను.

మాది రావిర్యాల. ఔటర్ రింగు రోడ్డు మీద 13వ నంబరు ఎగ్జిట్ అంటే కార్లు నడిపేవాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. పిల్లలున్న ఇళ్లలో అయితే 2016లో వండర్‌లా పార్కు తెరిచిన ఊరు అంటే చాలు. సెలవు రోజుల్లో మా రోడ్లన్నీ కొత్త కొత్త పెద్ద కార్లే. వాటి మధ్యలో మాది మారుతి 800. 2008 మోడలు, సెకండ్ హ్యాండులో కొన్నాం. ఆ బండి తయారీనే 2014లో ఆపేశారు. మా బండికి 2023లో పదిహేనేళ్లు నిండితే, ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషను ఇంకో 5 ఏళ్లు పొడిగించుకున్నాం. ముందు తరంలో మధ్యతరగతి ఇంటికి మొదటి కారంటే ఇదే. 1983 డిసెంబరులో మొదటి బండి తాళాలు ఇందిరాగాంధీ గారి చేతుల మీదుగా ఇచ్చారు. ఇప్పుడు దాన్ని చూసి "ఇంకా నడుస్తుందా?" అని అడుగుతారు. నడుస్తుంది. చూసుకుంటే నడుస్తుంది.

నేను డ్రైవింగు నేర్చుకుంది నలభై దాటాక. మా ఆయనకు షిఫ్టు డ్యూటీ. అత్తమ్మకు షుగరు. నెల నెలా పరీక్షలకు ఆటో కోసం ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయి నేర్చుకున్నాను. ఒక రోజు ఇంటికి తిరిగొస్తూ మా గల్లీ మలుపులో తొందరపడి ముందే తిప్పేశాను. ఎడమ ముందు టైరు నీళ్ల సంపు దిమ్మెకు 'ధన్'మని కొట్టుకుంది. దిగి చూస్తే బంపరుకు గీత కూడా పడలేదు. అమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు చూస్తే, బండి తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగు తిన్నగా లేదు! గడియారంలో పన్నెండు దగ్గర ఉండాల్సిన పైభాగం, పన్నెండుకూ ఒంటిగంటకూ మధ్యకు పోయింది. మా ఆయన నడిపి, "స్టీరింగు ఒరిగిందేంది?" అన్నారు. "ఏమో, గుంతల రోడ్లు కదా" అన్నాను. అంతే, ఆ ఒక్క అబద్ధం.

ఆయన దాన్ని ఒక షెడ్డుకు తీసుకెళ్లారు. అక్కడి కుర్రాడు స్టీరింగు నడుమ ఉన్న నట్టు విప్పి, చక్రం పైకి లాగి, కాస్త పక్కకు తిప్పి మళ్లీ తొడిగాడట. పది నిమిషాల పని. స్టీరింగు అచ్చం కొత్త పటంలాగా తిన్నగా నిలబడింది. ఆయన సంతోషపడ్డారు. నేను ఇంకా ఎక్కువ సంతోషపడ్డాను, నా గుట్టు బయటపడలేదని.

ఒక సాయంత్రం అత్తమ్మను వెనక కూర్చోబెట్టుకుని తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డు మీద వస్తున్నాను. బర్రెలు అడ్డమొచ్చాయి. బ్రేకు తొక్కాను. బండి ఆగింది కానీ, ఆగేటప్పుడు ఎడమకు గుంజింది. ముందు ఎక్కడో 'టక్'మంది. ఆ టక్ నా చేతిలోకి వచ్చింది. ఎట్లా చెప్పను, కుక్కరు మూత సరిగ్గా పడకపోతే చేతికి తెలుస్తుంది చూడండి, అట్లా. అత్తమ్మకు ఏమీ తెలియలేదు. నాకు మాత్రం ఇంటికొచ్చాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడు ఒక్కదాన్నే బండి మెల్లగా నడుపుకుంటూ ఇబ్రహీంపట్నం వైపు ఉన్న ఒక పాత షెడ్డుకు వెళ్లాను. ఇప్పుడు అనుకుంటే అదీ తప్పే. అట్లా గుంజే బండిని నడపకుండా మెకానిక్కునే ఇంటికి పిలిపించుకోవాల్సింది. ఆ షెడ్డు పెద్దాయనను అందరూ చాచా అంటారు. బండి పది గజాలు నడిపి, దిగి, నన్ను అడిగిన మొదటి మాట: "ఏడ గుద్దినవ్ బిడ్డా?"

మా ఆయనకు చెప్పని మాట ఆయనకు చెప్పాను.

ఒరిగింది ఏది, గుంజేది ఏది?

చాచా దగ్గర నేను తెలుసుకున్నది మీకు కూడా చెబుతాను. ముందు ఒక తేడా తెలుసుకోవాలి. స్టీరింగు ఒరిగి ఉండటం ఒకటి, బండి పక్కకు గుంజడం ఇంకొకటి, స్టీరింగు వణకడం మూడోది. మనం అన్నింటినీ కలిపి "స్టీరింగు బాగలేదు" అంటాం. మెకానిక్కు తనకు తోచింది చేస్తాడు.

కొంచెం స్పీడు అందుకోగానే స్టీరింగు గజగజ వణికితే మొదట అనుమానించాల్సింది వీల్ బ్యాలెన్సింగును. చక్రం చుట్టూ బరువు సమంగా లేదన్నమాట. రిమ్ముకు చిన్న చిన్న ముక్కలు అతికించి సరిచేస్తారు. దానికీ ఒరగడానికీ సంబంధం లేదు. బండి పక్కకు గుంజితే టైర్లలో గాలి తేడా కావచ్చు, ఒకవైపు బ్రేకు పట్టేసి ఉండవచ్చు, టైరే చెడిపోయి ఉండవచ్చు, అలైన్‌మెంటు కూడా కావచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోండి. మన రోడ్లు వాన నీళ్లు జారడానికి అంచుల వైపు వాలుగా ఉంటాయి. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఏ బండైనా కాస్త ఎడమకు జారాలని చూస్తుంది. దాన్ని రోగమనుకుని పైసలు ఖర్చు పెట్టకండి.

ఇక బండి తిన్నగానే పోతోంది, చక్రం మాత్రం ఒరిగి ఉంది అంటే, కింద కడ్డీల లెక్క తప్పిందన్నమాట. లేదంటే ఎవరో చక్రం విప్పి తప్పుగా తొడిగారు. మా బండికి మొదట మొదటిది అయింది, దాని మీద రెండోది చేశారు.

కవ్వం తాడు లెక్క

స్టీరింగు ఎట్లా పని చేస్తుందో చాచా స్పానర్లతో చూపించారు. నాకైతే మా అమ్మ చల్ల చిలికే కవ్వం గుర్తొచ్చింది. కవ్వానికి చుట్టిన తాడు రెండు కొసలూ రెండు చేతుల్లో ఉంటాయి. ఒక కొస ఇటు వస్తే ఇంకో కొస అటు పోతుంది. రెండూ సమంగా ఉన్నప్పుడే కవ్వం నడిమి స్థానంలో ఉన్నట్టు. స్టీరింగు కింద కూడా ఒక చిన్న పళ్ల చక్రం, దాని మీద అడ్డంగా జరిగే పళ్ల కడ్డీ ఉంటాయి. దాన్నే ర్యాకు అంటారు. ఆ ర్యాకు రెండు కొసలకూ ఒక్కో టై రాడ్డు. టై రాడ్డు చివర గుండులాంటి కీలు, దానికి చక్రం. టై రాడ్డుకు మరలు ఉంటాయి. తిప్పితే పొడుగవుతుంది, పొట్టిగా అవుతుంది. ఎంత పెట్టారో కదలకుండా ఒక లాక్ నట్టు పట్టుకుని ఉంటుంది.

ఇప్పుడు ఒక టై రాడ్డు వంగితే? దాని పొడుగు తగ్గినట్టే. ఆ వైపు చక్రం కొంచెం పక్కచూపు చూస్తుంది. బండిని తిన్నగా తీసుకుపోవాలంటే మనం స్టీరింగును కాస్త తిప్పి పట్టుకోవాలి. అదే ఆ ఒరగడం. అంటే ఒరిగిన స్టీరింగు 'కింద ఏదో అయింది, చూడండి' అని మనకు చెబుతోంది. మేం ఏం చేశాం? చెప్పే నోరు మూశాం. పటం మేకు ఊడిపోతుంటే, మేకు సంగతి చూడకుండా పటాన్ని తిన్నగా తిప్పి వచ్చినట్టు.

చాచా బండిని జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి, ఎడమ చక్రాన్ని గడియారంలో తొమ్మిదీ మూడూ దగ్గర రెండు చేతులతో పట్టుకుని ఊపారు. టక్ టక్ టక్. అదే చప్పుడు! నా చెయ్యి అక్కడ పెట్టించారు. టై రాడ్డు చివర కీలు వదులైపోయింది. రాడ్డు కూడా సన్నగా వంగి ఉంది, చూపిస్తే గానీ కనబడదు. "ఇది సాకెట్లకెళ్లి ఊడిందనుకో, నువ్వు స్టీరింగు తిప్పుతనే ఉంటవ్. ఆ చక్రం నీ మాట వినది" అన్నారు. అత్తమ్మ వెనక సీట్లో మందుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రూపం నా కళ్లముందు కదిలింది.

టైరు చూపించారు. బయటి అంచు నిక్షేపంగా ఉంది. నిలబడి చూస్తే కొత్త టైరే అనుకుంటాం. లోపలి అంచు మాత్రం అరిగి తీగలు తేలాయి. వంకర నడక నడిచేవాళ్ల చెప్పు ఒకవైపే అరుగుతుంది కదా, అట్లా. కాబట్టి టైరును బయటి నుంచి చూసి సరిపెట్టుకోకండి. బండి ఆపి ఉంచి, స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పితే ముందు టైరు లోపలి భాగం బయటికి కనిపిస్తుంది. అరచేత్తో అడ్డంగా మెల్లగా నిమరండి. ఒకవైపు నిమిరితే నున్నగా, ఇంకోవైపు నిమిరితే కొబ్బరి కోరులాగా గీరుకుంటుంటే అలైన్‌మెంటు తప్పిందని గుర్తు. తీగలు తేలి ఉంటే చెయ్యి పెట్టకండి, గుచ్చుకుంటాయి.

బొట్టుబిళ్ల పరీక్ష

ఇది మాత్రం నా సొంత తెలివి. చాచా సుద్దముక్కతో గుర్తు పెడితే నేను బొట్టుబిళ్ల అంటించాను. మీరూ చేసి చూడవచ్చు.

ముందు నాలుగు టైర్లలో గాలి కొలిపించండి. ఎంత ఉండాలో బండి పుస్తకంలోనో, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీదో ఉంటుంది. ఇది చేయకుండా మిగతావి చేస్తే ఉప్పు చూడకుండా కూర వడ్డించినట్టే. తర్వాత బండ్లు తిరగని, సమంగా ఉన్న చోట మెల్లగా తిన్నగా నడిపి, తిన్నగానే ఆపండి. ఇప్పుడు స్టీరింగు ఎట్లా ఉందో అట్లాగే వదిలి, దాని పైన సరిగ్గా నడుమ, గడియారం పన్నెండు దగ్గర, బొట్టుబిళ్ల అంటించండి.

ఆ తర్వాతి భాగానికి మెకానిక్కు కావాలి. ముందు చక్రాలు రెండూ స్టాండ్ల మీద లేపాక, స్టీరింగును ఒక పక్కకు ఆగిపోయేదాకా తిప్పాలి. అక్కడి నుంచి రెండో పక్క ఆగిపోయేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. మాటకు మూడున్నర చుట్లు అనుకోండి. అందులో సగం, ఒకటీ ముప్పావు చుట్లు వెనక్కి వస్తే ర్యాకు సరిగ్గా నడుమ ఉన్నట్టు. ఇప్పుడు చూడండి. ర్యాకు నడుమ ఉన్నప్పుడు స్టీరింగు ఆకులు తిన్నగా ఉంటే చక్రం సరిగ్గా తొడిగినట్టే, తప్పు టై రాడ్డుల పొడుగులో ఉంది. ర్యాకు నడుమ ఉన్నా స్టీరింగు ఒరిగి ఉంటే, ఎవరో చక్రాన్ని విప్పి వేరే పంటి మీద తొడిగారన్నమాట. చాచా ఈ లెక్కతోనే "దీన్ని ఎవడో ఇప్పిండు" అని పట్టేశారు. నేను నోరు తెరవక ముందే.

జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి మాత్రం ఎవరినీ దూరనివ్వకండి, మీరూ దూరకండి. జాకీ జారితే బండి మీద పడుతుంది. స్టాండ్లు లేని చోట ఈ పని చేయించవద్దు.

ఇక రిపేరు. వంగిన రాడ్డును కాల్చి సాగదీస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. స్టీరింగు సామానుకు అతుకులు పనికిరావు. మారుతి 800కు సామాను ఇప్పటికీ దొరుకుతుంది. చాచా ఎడమ టై రాడ్డు, దాని చివరి కీలు కొత్తవి వేశారు. కుడి వైపు కీలు కూడా ఊపి చూశారు, అది గట్టిగానే ఉంది. స్టీరింగు చక్రాన్ని విప్పి, ర్యాకు నడుమ ఉంచి, తిన్నగా తొడిగారు. మా బండి పాతది, ఎయిర్‌బ్యాగు లేదు కాబట్టి ఈ పని షెడ్డులో అయింది. స్టీరింగులో ఎయిర్‌బ్యాగు ఉన్న బండి అయితే ఊరికే విప్పనివ్వకండి. లోపల సున్నితమైన తీగల చుట్ట ఉంటుంది, అది తెగుతుంది. తప్పు పని చేస్తే బ్యాగు పేలుతుంది కూడా. దాని పని తెలిసినవాళ్లే చేయాలి.

ఇంత అయ్యాక కూడా పని పూర్తి కాలేదు. "నేను కంటితోని పెట్టిన. మిషన్ మీద పెట్టియ్యి" అని చాచాయే అలైన్‌మెంటు సెంటరుకు పంపారు. తనకు రాదని ఒప్పుకునే మనిషి మీద నమ్మకం పెరుగుతుంది చూడండి.

అలైన్‌మెంటు సెంటరులో ఏం అడగాలి?

ఇక్కడే మన ఆడవాళ్లం తడబడతాం. "సార్ రాలేదా మేడం?" అని అడుగుతారు. రాలేదు, నేనొచ్చాను అని చెప్పండి. చెప్పి, ఈ మాట అనండి: "స్టీరింగును తిన్నగా లాక్ చేసి, ఆ తర్వాత రెండు వైపులా టో సరిచేయండి." ఈ ఒక్క వాక్యం విన్నాక నాతో మాట్లాడే తీరే మారిపోయింది.

టో అంటే మరేం లేదు, కాలివేళ్లు. ముందు చక్రాలను పైనుంచి చూస్తే, మన పాదాల్లాగా వేళ్లు లోపలికి ఉన్నాయా, బయటికి ఉన్నాయా అన్నది. ఎంత ఉండాలో ఒక్కో బండికి కంపెనీ లెక్క ఒకటి ఉంటుంది. మిషన్లో బండి మోడలు నొక్కితే ఆ లెక్క వస్తుంది. స్టీరింగు కదలకుండా సీటుకూ చక్రానికీ మధ్య ఒక కడ్డీ బిగిస్తారు. ఆ తర్వాత రెండు టై రాడ్డులనూ తిప్పి ఒక్కో చక్రాన్ని దాని లెక్కకు తెస్తారు.

మరి టో సరిగ్గానే ఉండి స్టీరింగు ఒక్కటే కొంచెం ఒరిగి ఉంటే? అప్పుడు ఒక టై రాడ్డు ఎంత పొడుగు చేస్తే రెండోది అంత పొట్టిగా చేయాలి. ఒక్క వైపే తిప్పితే టో చెడిపోతుంది. జాకెట్టు వదులైతే రెండు పక్కల కుట్లూ సమంగా పడతాం కదా. ఒక్క పక్కే పడితే ఒంటికి సరిపోతుందేమో గానీ హుక్కుల వరస పక్కకు పోతుంది. ఇదీ అంతే. సగం సెంటర్లలో తొందరలో ఒక్క వైపే తిప్పి పంపిస్తారని నా అనుమానం. అందుకే పక్కనే నిలబడి చూడండి. ఏమీ అనుకోరు. అనుకుంటే అనుకోనివ్వండి.

అయ్యాక ఒకసారి నడిపి చూడకుండా డబ్బులు ఇవ్వవద్దు. బొట్టుబిళ్ల పైన నడుమ ఉందా? ఉంటే లాక్ నట్లు బిగించారా అని అడగండి. సరిచేయక ముందు లెక్క, సరిచేశాక లెక్క రెండూ ఉన్న కాగితం ఇస్తారు. అడిగి తీసుకోండి. మా కాగితంలో పైన ఎర్ర గడులు, కింద పచ్చ గడులు. పరీక్ష పాసైన పిల్లలాగా ఇంటికి తెచ్చాను.

డబ్బుల సంగతి. రాడ్డు, కీలు, కూలీ, అలైన్‌మెంటు కలిపినా పెద్దగా కాలేదు. అరిగిన టైరుకు జతగా రెండు కొనాల్సి వచ్చింది, అదే దెబ్బ. చీటీ డబ్బుల్లోంచి తీశాను. దిమ్మెకు కొట్టిన మర్నాడే చెప్పి ఉంటే ఆ టైర్ల ఖర్చు ఉండేది కాదు.

ఇక మా ఆయనకు చెప్పడం. అన్నం వడ్డించాక, పెరుగు వేస్తూ, సంపు దిమ్మె సంగతి, చాచా మాటలు, టైర్లు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన తినడం ఆపలేదు. "దిమ్మె మీద నల్ల రబ్బరు మచ్చ నేను ఆ రోజే చూసిన" అన్నారు.

"చూసి నన్ను ఎందుకు అడగలేదు?"

"అడిగితే మళ్ల స్టీరింగు ముట్టవని."

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన చూసింది షెడ్డు కుర్రాడికి చెప్పినా, నేను దాచింది ఆయనకు చెప్పినా, వాడు చక్రం విప్పకుండా కింద చూసేవాడు. ఇద్దరం ఒకరి మంచి కోసం ఒకరం నోరు మూసుకుని, అత్తమ్మను ఆ బండిలోనే తిప్పాం.

ఇప్పుడు మా అమ్మాయి డ్రైవింగు నేర్చుకుంటోంది, ఈ బండి మీదే. దానికి మొదటి రోజే చెప్పాను, ఎక్కడ తగిలినా ఆ రాత్రిలోపల చెప్పాలి, తిట్టను అని. మొన్న గేటుకు తగిలించింది. చెప్పింది. కొంచెం తిట్టాను. తర్వాత ఇద్దరం కలిసి టైరు లోపలి అంచు నిమిరి చూశాం.

అలైన్‌మెంటు కాగితం గ్యాసు పుస్తకం పక్కన పెట్టాను. మళ్లీ చూపించే నెల క్యాలెండరు మీద రాశాను. బొట్టుబిళ్ల ఇంకా స్టీరింగు మీదే ఉంది. ఎండకు రంగు వెలిసిపోతే మారుస్తున్నాను. బండికి బొట్టు పెట్టానని అత్తమ్మకు భలే సంతోషం.